చేపలు తొక్కని బండి

“కదలకు బాబూ, వచ్చే వేళైంది,” అంది లక్ష్మీకాంతమ్మ, తను మాత్రం నాలుగోసారి గడప దిగి రోడ్డు వైపు చూస్తూ.

కౌశిక్ కదల్లేదు. తాటాకు దడి వెనక బోర్లించిన పాత పడవ మీద కూర్చుని కెమెరాకి ఫిల్టర్ బిగిస్తున్నాడు. గుడివాడలో బ్యాంకు ఉద్యోగం చేసుకునే మనిషి, సెలవు పెట్టి మరీ హంసలదీవి రోడ్డు పక్కన ఈ కాపలా కాయడమేమిటని ఇంట్లో రోజూ అక్షింతలే. కానీ ఇంకా అమ్మకానికి రాని బండిని పరీక్షల్లో ఉండగానే ఫోటో తీసి, నలుగురికంటే ముందు నెట్లో పెట్టడంలోని రుచి మరిగాక ఎవరి మాటా చెవికెక్కదు.

ఈసారి దొరికింది మామూలు కారు కూడా కాదు, మిలిటరీ కోసం కొత్తగా చేస్తున్న లారీ. ఆరు చక్రాలు, ఎర్ర నంబరు ప్లేటు, అసలు ఆకారం తెలియకుండా ఒళ్లంతా నలుపు తెలుపు స్టిక్కర్లు. ఇసుకలో, బురదలో, ఉప్పునీటి పాయల్లో ఎలా నడుస్తుందో చూడడానికి కంపెనీవాళ్లు నెల రోజులుగా ఇక్కడే తిప్పుతున్నారు. దాని డ్రైవరు లక్ష్మీకాంతమ్మ ఒక్కగానొక్క కొడుకు వాసు.

“పక్క అద్దాలకి నల్ల ఫిల్ము వేశారు. ముందు అద్దం మీదేమో ఎప్పుడూ ఆకాశమే మెరుస్తుంది,” అన్నాడు కౌశిక్. “ఈ ఫిల్టర్ పెడితే ఆ మెరుపు పోతుంది పిన్నిగారూ. లోపలంతా కనిపిస్తుంది.”

“నాకు వాడి మొహం కనిపిస్తే చాలు నాయనా. పదకొండు రోజులైంది చూసి.”

కంపెనీ క్యాంపు ఆరు కిలోమీటర్ల దూరమే. లోపల ఫోన్లు కుదరవట. గేటు దాకా వెళ్తే డ్యూటీలో ఉన్నాడని చెప్పి పంపేశారు. అందుకే, మూడు రోజుల కిందట కెమెరా పట్టుకుని వచ్చిన కౌశిక్‌ని ఆవిడే పిలిచి పడవ మీద చోటిచ్చింది.

“ఆ మధ్య పోటు వేళ బండి పాయలో మునిగిందంటగా?”

“మునిగింది. క్రేను తెచ్చి లాగారు. ఆ తర్వాత నాలుగు రోజులు బండి జాడ లేదు, నాకు కంటిమీద కునుకు లేదు. అయిదో రోజు పొద్దున వీడు హారన్ కొట్టుకుంటూ ఇంటి ముందు నుంచే వెళ్లాడు. అప్పుడు తిన్నాను ఇంత అన్నం.”

“వాసేనని ఎలా తెలిసింది, మొహం కనిపించకుండా?”

లక్ష్మీకాంతమ్మ నవ్వింది. “ఇదిగో, ఈ రోడ్డు మీదే ఎండుచేపలు పోస్తాను. వచ్చే పోయే బళ్లన్నీ తొక్కేస్తాయి. వీడు మాత్రం ఎడం చక్రాలు ఇసుకలోకి దించి, ఒక్క చేప నలక్కుండా తప్పించి, మళ్లీ రోడ్డెక్కి రెండు పొట్టి హారన్లు, ఒక పొడుగు హారన్ కొడతాడు. సైకిలు తొక్కేటప్పుడు బెల్లూ అలాగే కొట్టేవాడు. ఇంకెవరు కొడతారు అలా?”

“దిగి ఒక్కమాట పలకరించచ్చుగా?”

“డ్యూటీ కదా. పైగా ఆ బండికి దారి నేర్పుతున్నాడంట. తను ఎలా తోలితే అదీ అలా నేర్చుకుంటుందంట. వెర్రినాగన్న, బండికి ఎవరన్నా నేర్పుతారా?”

దండెం మీద రెండు చొక్కాలు ఊగుతున్నాయి. కౌశిక్ వాటి వైపు చూశాడు.

“వాడివే,” అందావిడ. “మొన్న ఆఫీసాయన తెచ్చిచ్చాడు. అక్కడ కంపెనీ బట్టలే వేసుకోవాలంట. చెప్పులూ ఇచ్చేశారు. ఏవో కాయితాల మీద నా వేలిముద్ర కూడా వేయించుకున్నారు. ఆ చొక్కాలు రెండుసార్లు ఉతికాను, పాయ బురద వాసన పోనేలేదు.”

ఏం కాయితాలని అడగబోయాడు కౌశిక్. అంతలో మడ చెట్ల వైపు నుంచి లారీ కనిపించింది.

అంత పెద్ద బండికి చప్పుడు చాలా తక్కువగా ఉంది. పొద్దుటి నుంచీ మబ్బు పట్టడంతో ఆవిడ చేపలు ఎండెయ్యలేదు. రోడ్డంతా ఖాళీగా ఉంది. అయినా ఇంటి ముందుకు రాగానే లారీ వేగం తగ్గింది. ఎడం చక్రాలు ఇసుకలోకి దిగాయి. లేని చేపల పక్కనుంచి, ఒక్కటీ నలక్కుండా, మెల్లగా నడిచి మళ్లీ రోడ్డెక్కింది.

రెండు పొట్టి హారన్లు. ఒక పొడుగు హారన్.

కౌశిక్ వేలు కెమెరా బటన్ నొక్కుతూనే ఉంది.

“ఇవాళ చేపలు పొయ్యలేదు కదా పిన్నిగారూ. మరెందుకు తప్పించాడు?”

“అలవాటు నాయనా,” అంది లక్ష్మీకాంతమ్మ, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. “చెయ్యి దానంతటదే తిరిగిపోతుంది.”

లారీ మలుపు తిరిగాక ఆవిడ గబగబా పడవ దగ్గరికి వచ్చింది. “ఫోటోలో పడ్డాడా? చూపించు. తిండి తింటున్నట్టే ఉన్నాడా?”

కౌశిక్ ఫోటో పెద్దది చేసి చూశాడు. ఫిల్టర్ బాగా పనిచేసింది. అద్దం మీద చుక్క మెరుపు లేదు. అతను మిగతా ఫోటోలు కూడా ఒక్కొక్కటే తిప్పి చూశాడు. తర్వాత కెమెరా ఆపేసి గుండెకి ఆనించుకున్నాడు.

“ఏం బాబూ, మాట్లాడవేం?”

“బాగానే ఉన్నాడు పిన్నిగారూ. ఇందులో మరీ చిన్నగా ఉంది. పెద్ద ఫోటో వేయించి తెస్తాను.”

“తీసుకురా నాయనా, గోడకి పెట్టుకుంటాను,” అంటూ ఆవిడ తృప్తిగా చొక్కాలు తియ్యడానికి దండెం వైపు వెళ్లింది.

ఆ ఫోటోలో, స్టీరింగు వెనక అసలు సీటే లేదు.