పచ్చ చుక్క

"ఇంకా వెతకడంలో అర్థం లేదమ్మా. రేపు సాయంత్రానికి మావాళ్లని వెనక్కి పిలిచేస్తున్నాం," అన్నాడు గాలింపు అధికారి.



ఆమె భర్తది కొండల్లో రాతి నమూనాలు సేకరించే ఉద్యోగం. వానలకి కొండచరియ విరిగి గుడారం మీద పడింది. తోటివాళ్లిద్దరూ బయటపడ్డారు. అతని జాడ లేదు.

ఇంటికొచ్చేసరికి అత్తగారు కంప్యూటర్ ముందే కూర్చుని ఉంది. అందులో అతను పెట్టివెళ్లిన ప్రోగ్రాం నడుస్తోంది. ఊరికే ఉన్న కంప్యూటర్లతో శాస్త్రవేత్తలకి లెక్కలు చేసిపెట్టే ప్రోగ్రాం అది. అలాంటి కంప్యూటర్ ఇంట్లో ఒకటి, సోలార్ పలకతో, శాటిలైట్ నెట్‌తో అతని వీపుసంచిలో ఒకటి. తెర మీద ఏదో రోగం తాలూకు అణువు రంగుపూసల దండలా మెలికలు తిరుగుతుంటుంది. పక్కన రెండు పేర్లు, ఇంటిదొకటి, అతనిదొకటి; ఒక్కో పేరుకీ ఒక చుక్క. ఆ పేరుతో యంత్రం పనిచేస్తుంటే పచ్చన, ఆగితే బూడిద రంగు.

అతని పేరు 'రాళ్లాయన' పక్కన బూడిదే ఉంది.

"నెట్టు సరిగ్గా లేదేమోనే," అంది అత్తగారు.

"అయ్యుంటుంది అత్తయ్యా. లేచి నాలుగు మెతుకులు తినండి."

"వాడు తిన్నాడో లేదో."

మర్నాడు ఆమె కళ్లద్దాల దుకాణానికి పనికి వెళ్లింది. మధ్యాహ్నం అత్తగారు ఫోన్ చేసింది. మాటకంటే ఏడుపే ముందొచ్చింది.

"పచ్చగా ఉందే... వాడి చుక్క పచ్చగా ఉందే..."

ఆమె ఇంటికి పరుగెత్తి, తెరని ఫొటో తీసి, అత్తగారిని వెంటబెట్టుకుని అధికారి దగ్గరికి వెళ్లింది.

"ఎక్కడున్నాడో చూపిస్తుందా ఇది?"

"చూపించదు సార్. నడుస్తోందని మాత్రమే."

"ఎవరికైనా దొరికి ఆన్ చేశారేమో."

"ఊరికే ఆన్ చేస్తే వెలగదు. ఆయన పేరుతో లోపలికి వెళ్లాలి."

"ఇవాళ ఎండ కాసింది కదా బాబూ, వాడి పలకకి ఎండ తగిలుంటుంది," అంది అత్తగారు.

అధికారి ఆ పెద్దావిడ ముఖంలోకి చూశాడు. ఆ ముఖంలో అబద్ధానికి చోటు లేదు. ఫోన్ అందుకున్నాడు.

"ఇంకో రెండు రోజులు ఉండండి. అవతలి లోయ కూడా చూడండి."

ఆ రెండు రోజులూ ఆమె కాలుగాలిన పిల్లిలా తిరిగింది. వెతికేవాళ్లలో ఒకతను జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడని కబురొస్తే, వంటింట్లోకెళ్లి తలుపేసుకుని ఏడ్చింది.

లోయకి అవతల, పశువుల కాపరులు వదిలేసిన గుడిసెలో అతను దొరికాడు. కాలు విరిగింది. ప్రాణం ఉంది.

ఆస్పత్రిలో అత్తగారు కొడుకు తల నిమురుతూ చుక్క సంగతంతా చెప్పింది. ఆవిడ మంచినీళ్లకని బయటికి వెళ్లాక అతను భార్య వైపు తిరిగాడు.

"నా సంచి మొదటిరోజే ఏట్లో కొట్టుకుపోయింది. ఆ చుక్క ఎలా వెలిగింది?"

ఆమె దుప్పటి సర్దుతూ, తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"మా దుకాణంలోనూ ఓ కంప్యూటర్ ఉంది, మీ పాస్‌వర్డ్ నాకు తెలుసు."