కండెన్సర్ పోయిన రోజు

"ఇక్కడే పెట్టానే, ఏమైపోయింది?"

బెంచీ మీద ఉన్నవన్నీ ఎత్తి చూశాడు స్పార్కు. బెంచీ కింద దూరి కూడా చూశాడు.

ఎంతటి మొండి కారునైనా వైరింగు సరిచేసి స్టార్ట్ చేస్తాడని ఆ వీధి వాళ్లు పెట్టిన పేరది. ఈ పాత కారు మాత్రం పొద్దున్నుంచి అతని ప్రాణం తోడేస్తోంది. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ విప్పి శుభ్రం చేశాడు. ఏ వైరు ఏ ప్లగ్గుకో చూసుకుని అన్నీ కొత్తవి వేశాడు. ఇక బొటనవేలంత కండెన్సర్ బిగిస్తే అయిపోతుంది. ఆ కారుకి సరిపడేది దొరకడమే గగనం.

అదే కనబడటం లేదు.

వైరు ముక్క కోసం లోపలికి వెళ్లొచ్చాడంతే. అప్పటిదాకా షెడ్డు గుమ్మంలో ఓ ముసలావిడ నిలబడి ఉంది.

"స్టార్ట్ అవుతుందా నాయనా? ఒక్కసారి విని వెళ్లిపోతాను" అంది.

"వినడానికి ఇదేమన్నా కచేరీనా? జరగండమ్మా, వెలుతురుకి అడ్డం" అని కసిరాడు.

ఇప్పుడావిడ లేదు. కండెన్సరూ లేదు.

పరుగెత్తాడు. బస్టాపులో దొరికింది ముసలావిడ.

"సంచీ తెరువు."

"ఏమైంది నాయనా?"

"కండెన్సర్ ఏది? నువ్వు తప్ప షెడ్డుకి ఎవరూ రాలేదు."

జనం మూగారు. ఆవిడ సంచీ బల్ల మీద పెట్టి జిప్పు లాగింది.

"చూసుకో. చిన్న వస్తువే గానీ, అది లేకపోతే బండికి ప్రాణం రాదు."

"విన్నారా! తెలిసే తీసింది!"

చీరలు, మందుల డబ్బా, దువ్వెన. ఒక్కొక్కటీ బయటికి లాగి పడేశాడు. లోపలి బట్టలు కూడా. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ రోడ్డు వైపు తిరిగి నిలబడింది.

కండెన్సర్ లేదు.

"దారిలో పారేసుంటుంది" అని గొణుక్కుంటూ వచ్చేశాడు. బట్టలు సంచీలో పెట్టడానికైనా ఆగలేదు.

షెడ్డులోకి రాగానే గోడకున్న పాత స్పీకరు అయస్కాంతం కంటబడింది. దానికి అతుక్కుని కండెన్సర్. పోకుండా ఉంటుందని తనే అక్కడ పెట్టాడు.

చెవులు భగ్గుమన్నాయి.

వెళ్లి తప్పయిందని చెప్పాలి. కానీ ఆ నవ్విన మొహాలన్నీ ఇంకా అక్కడే ఉంటాయి.

తల దించుకుని కండెన్సర్ బిగించాడు. కారు స్టార్ట్ అయింది. ఎప్పుడూ ఈల వేసేవాడు, వేయలేదు.

అప్పుడే కారు ఓనరు వచ్చాడు. వెనకే స్పార్కు తల్లి భోజనం క్యారేజీతో వచ్చింది.

"అదరగొట్టావన్నా! ఇంతకీ డ్రైవరమ్మ విందా?"

"ఏ డ్రైవరమ్మ?"

"ఈ కారు నాకమ్మిన పెద్దావిడ. దీన్నే టాక్సీగా తిప్పేది. అప్పట్లో ఊళ్లో టాక్సీ నడిపిన ఆడమనిషి ఆవిడొక్కతే. ఇవాళ చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతోంది, ఇక రాదు. పోయేముందు ఇంజన్ చప్పుడు వినాలని ఉందంటే నేనే రమ్మన్నా."

స్పార్కు చేతిలోని పానా కింద పడేసి రోడ్డెక్కాడు.

బస్టాపు ఖాళీ. పేపర్లమ్మే అతను ఒక్కడే ఉన్నాడు.

"బస్సెక్కేసింది. బట్టలు సర్దుకోలేకపోతుంటే నేనే సాయం పట్టాను" అన్నాడు, స్పార్కు మొహం చూడకుండా.

తిరిగొచ్చేసరికి తల్లి కారు వెనక సీట్లో కూర్చుని, సీటుని మెల్లగా నిమురుతోంది.

"ఏదిరా ఆవిడ? దండం పెట్టుకుంటాను, పిలుచుకొచ్చావా?"

స్పార్కు వంగి, ఇందాక పడేసిన పానా తీశాడు.

"వరదలప్పుడు ఒక్క బండీ రానంటే ఒకావిడ వచ్చిందని చెప్పేదాన్ని చూడు, ఈవిడేరా. తర్వాత పుట్టింటికెళ్లి, నిన్నెత్తుకుని తిరిగొచ్చి వెతికితే టాక్సీ మానేసిందన్నారు. ఆసుపత్రి దాకా ఆగావా నువ్వు, ఈ సీట్లోనే పుట్టేశావు, నాకన్నా ముందు నిన్ను గుండెలకి హత్తుకుంది ఆవిడేరా."