లైసెన్సున్నవాడే రావాలి

పొద్దున్నే ఆఫీసులో అడ్రసు చూడగానే ఎలక్ట్రీషియన్ మొహం మాడిపోయింది.

"ఈ పని ఇంకెవరికైనా ఇవ్వండి సార్."

"కుదరదయ్యా. లైసెన్సున్నవాడే రావాలి, అందులోనూ నువ్వే రావాలి అని ఆవిడ పట్టుబట్టి కూర్చుంది," అన్నాడు సూపర్‌వైజరు నవ్వాపుకుంటూ. "జనరేటర్ బిగించి, నడిపించి చూపించు. ఆవిడ సరేనంటేనే అక్కణ్ణించి కదులు. ఆఫీసు బుకింగు ఇది, రేపూ మాపూ అంటే చెల్లదు."

"ఆవిడ సంగతి మీకు తెలీదు సార్."

"నీకు తెలుసుగా, వెళ్ళు!"

బెల్లు కొడితే ఇల్లాలు తలుపు కాస్తే తెరిచింది. గొలుసు తియ్యలేదు.

"లైసెన్సు కార్డు చూపించండి."

"అదీ కావాలా మేడమ్?"

"ఎవరు పడితే వాళ్ళు వైర్లు పీకే ఇల్లు కాదిది."

కార్డు తీసుకుని ఫోటో చూసింది. మనిషిని చూసింది. మళ్ళీ ఫోటో చూసింది.

"ఇందులో జుట్టు నిండుగా ఉందే?"

"పాత ఫోటో మేడమ్."

"అదే అనుకున్నా లెండి," అని గొలుసు తీసింది.

జనరేటర్ పెరట్లో పట్టా కింద పడుంది. ఎండాకాలంలో కొన్నది. వానలు ముదిరినా దాన్ని పట్టించుకున్న నాథుడు లేడు. సెల్ఫ్ స్టార్టు బ్యాటరీ అట్టపెట్టెలోంచి బయటికే రాలేదు. వంటింటి కిటికీలోంచి ఒక వైరు, మధ్యలో టేపు చుట్టుకుని, దాని దాకా వేలాడుతూ వచ్చింది.

"మా ఆయన పనితనం," అంది ఇల్లాలు. "తాత్కాలికం అన్నారు. మీరైతే ఇలా లాగుతారా?"

"కస్టమర్ల ఇళ్ళలోనా? ఛఛ! లైసెన్సు ఊడుతుంది మేడమ్."

"మరి దీన్నేమనాలి?"

ఎలక్ట్రీషియన్ దగ్గాడు. "పాపం, తీరిక లేక అలా చేసుంటారు."

"తీరికకేం తక్కువ? ఊరందరికీ ఉపకారాలు చేసొస్తారు. ఆదివారం వస్తే మంచం దిగరు. అడిగితే రేపు అంటారు."

"అలసిపోతారేమో మేడమ్."

"మీ మగవాళ్ళంతా ఒకటే లెండి!"

ఆ మాటంటూనే పక్క గదిలోకి చూసింది. నవ్వు మాయమైంది. అక్కడ మంచం మీద పెద్దావిడ పడుకుని ఉంది. ముక్కుకి గొట్టం. పక్కన గురగురమంటూ ఆక్సిజన్ మిషను. పైన కీచుమంటూ ఫ్యాను.

మొన్నటి గాలివానకి కరెంటు పోయి మిషను ఆగిపోయింది. జనరేటర్ తాడు లాగీ లాగీ ఇల్లాలి అరచెయ్యి కోసుకుపోయిందే కానీ అది కిక్కురుమనలేదు. అవసరానికని దాచిన చిన్న సిలిండరు కూడా అయిపోవచ్చింది. అదృష్టం బాగుండి అప్పుడే కరెంటొచ్చింది. ఇవాళ సాయంత్రం మళ్ళీ గాలివాన అంటున్నారు.

"ఆ రోజు కాళ్ళూ చేతులూ ఆడలేదు మిస్త్రీ గారూ," అంది ఇల్లాలు. "ఆయన ఎవరి పన్లోనో మునిగిపోయి ఫోనే ఎత్తలేదు. ఈవిడకేమైనా అయుంటే?"

ఎలక్ట్రీషియన్ వేలాడే వైరుని ఒక్క కోత కోసి చెత్తబుట్టలో పారేసి, చేతులు పైకి మడిచాడు.

పొగ గదిలోకి రాకుండా జనరేటర్‌ని పెరటి చివరికి జరిపాడు. గుంట తవ్వి ఎర్తింగు వేశాడు. అట్టపెట్టెలోని బ్యాటరీ తీసి తగిలించాడు. కొత్త కేబుల్ పైపులోంచి లాగాడు. కరెంటు పోగానే జనరేటర్‌ని దానంతటదే నడిపించే పెట్టెని మెయిన్ బోర్డు పక్కన బిగించాడు. ఇల్లాలు నీడలా వెంటే తిరిగింది.

"ఆ పైపు వంకరగా ఉంది."

"తిన్నగానే ఉంది మేడమ్."

"అయితే గోడ వంకరా?"

ఇంకెవరికైనా ఒళ్ళు మండేది. అతను నోరు మూసుకుని పైపు విప్పి మళ్ళీ బిగించాడు.

మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని క్యారేజీ విప్పాడు. ఇల్లాలు మంచినీళ్ళు తెచ్చింది, చుట్టాలొస్తే తీసే గాజుగ్లాసులో.

"కూరెలా ఉంది?"

"ఉప్పు మరిచిపోయింది మేడమ్ మా ఆవిడ. పొద్దున ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూ వండింది."

"పాపం, ఆవిడకేం కష్టం వచ్చిందో!"

అతను తలొంచుకుని తిన్నాడు.

మబ్బులు కమ్మేసరికి పని అయింది. ఎలక్ట్రీషియన్ మెయిన్ మీద చెయ్యేశాడు కానీ వెంటనే ఆపలేకపోయాడు. పెద్దావిడ వైపు చూసి, అప్పుడు దించాడు.

ఫ్యాను ఆగింది. ఫ్రిజ్ ఆగింది. మిషను కుయ్యిమని ఏడ్చింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. పెరట్లో జనరేటర్ ఒకసారి మూలిగి అందుకుంది. దీపాలు వెలిగాయి. మిషను మళ్ళీ గురగురమంది. హమ్మయ్య!

"ఇంకోసారి," అంది ఇల్లాలు.

మళ్ళీ ఆపాడు. మళ్ళీ అందుకుంది.

"ఇంకోసారి."

ఈసారి వెలుగు రాగానే ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "సరే. మంచి మిస్త్రీ అని మీ ఆఫీసుకి చెప్తాను. ఎంత చక్కగా చేశారు, ఒక్క పూటలో!"

"ఇక చాలించండి మేడమ్," అన్నాడు ఎలక్ట్రీషియన్. అతని కళ్ళూ తడిగానే ఉన్నాయి.

అంతవరకూ ఉలుకూ పలుకూ లేకుండా పడుకున్న పెద్దావిడ ముక్కు గొట్టం సర్దుకుని, తల ఇటు తిప్పి అంది:

"ఒరే నాన్నా, మీ మేడమ్ గీడమ్ ఆటలు ఇక చాలుగానీ, రేపు ఈ కీచు ఫ్యానుకి నూనె వెయ్యాలన్నా ఇలాగే మీ ఆఫీసుకి ఫోన్ చేసి నిన్ను పిలిపించుకోవాలట్రా నీ పెళ్ళాం?"