పావురం నెత్తురు

కర్నూలు రాజధాని అయిన కొత్త.

కోట బురుజు రాళ్ల సందులో చేయి పెట్టి సోమన్న ఒక పావురాన్ని పట్టుకున్నాడు. గుడ్ల మీద ఉండబట్టి అది ఎగరలేదు.

కింద జొన్నలు చల్లుతున్న ముసలాయన చూశాడు.

"విడువప్పా దాన్ని."

"విడవను. నా పెండ్లానికి కుడిపక్క పడిపోయుండాది. వేడి నెత్తురు కావాల."

కోడుమూరు నుంచి తోలుకొచ్చిన ఎద్దుల బండి పక్కనే ఉంది. అందులో మహాదేవమ్మ మూతి వంకరపోయి పడుకుని ఉంది.

ముసలాయన బండిలోకి వంగి చూశాడు.

"ఆస్పత్రి ఈడికి కూతవేటు. తీసకపో. నోట్లో మాత్రం ఏమీ పోయొద్దు. మింగలేదు, పొరబోతాది."

"పావురం నెత్తురు పూయాల, తాపాల. మా ఊర్లో అందరూ చెప్పే బేతంచెర్ల దేవేంద్రప్ప వైద్యుని మందు ఇది."

"ఆయన తప్పు చెప్పినాడు."

"జొన్నలు చల్లుకునేటోనివి. దేవేంద్రప్పకు వంక పెట్టేంత మొనగానివా?"

ముసలాయన తల దించుకున్నాడు.

"పావురాలు జంట విడవవప్పా. దీని మొగుడు ఆ సందు కాడనే తిరుగుతాంటాడు."

"దాని మొగునికి ఏడుస్తాండావే, ఈడ నేను కనపడలేదా?"

ముసలాయన అడ్డం నిలబడి బండి చక్రం పట్టుకున్నాడు. సోమన్న తోశాడు. ఆయన రాళ్ల మీద పడ్డాడు. ఒడిలోని జొన్నలు చెదిరాయి.

పావురాలు బెదిరి లేచాయి. మళ్లీ ఆ జొన్నల మీదే వాలాయి.

సోమన్న కత్తి తీశాడు. నెత్తురు భార్య చేతికి, కాలికి పూశాడు. మిగిలింది నోట్లో పోశాడు.

మహాదేవమ్మ దగ్గింది. కళ్లు తేలేసింది. అంతే.

ఆస్పత్రి గోడ అక్కడికి కనబడుతూనే ఉంది.

దినాలు అయినాక సోమన్న జొన్నల మూటతో మళ్లీ వచ్చాడు. ముసలాయన లేడు. రాళ్ల సందు దగ్గర ఒక పావురం గొంతు ఉబ్బించి, కూస్తూ, అటూ ఇటూ నడుస్తోంది.

బురుజు కింద బొరుగులు అమ్మే జీవమ్మను అడిగాడు.

"జొన్నలు చల్లే పెద్దాయన యాడికి పోయినాడు?"

"మట్టిలోకి. ఎవడో పాపిష్టోడు తోసినాడంట. నడుము విరిగి మళ్లీ లేయలేదు."

సోమన్న మూట కింద పెట్టాడు.

"ఆయనకు ఈ పావురాలంటే ఎందుకంత?"

"పెండ్లానికి పక్షవాతమొస్తే వీటినే కోసి తాపినాడంట. పొరబోయి ఆయమ్మ సచ్చిపోయింది. ఆ పొద్దే మందుల సంచి తుంగభద్రలో ఇసిరేసి ఈడ కూసున్నాడు."

"మందుల సంచా?"

"తెలీదా నీకు? బేతంచెర్ల దేవేంద్రప్ప గదప్పా ఆయన."