పదిన్నరలోపు కొండగట్టు

జీపు స్టార్ట్ కాలేదు.

రంజిత్ ఇంకోసారి తాళం తిప్పాడు. ఇంజను గురగురమని, దగ్గి, మళ్లీ పడుకుంది. వాకిట్లో చెల్లెలు కళ్యాణి కొత్త పట్టుచీరలో, తల నిండా మల్లెలతో, ఫోను పట్టుకుని అటూ ఇటూ తిరుగుతోంది.

"అన్నా, ఎనిమిదైంది. పదిన్నరకు ముహూర్తం."

"నాకు తెల్వదా?" అన్నాడు రంజిత్, బానెట్ ఎత్తుతూ.

తల్లి భూదేవి అప్పటికే వెనక సీట్లో కూర్చుంది. ఒళ్లో సంచి. అందులో పులిహోర, గారెలు, కోనేటి దగ్గర స్నానానికి సబ్బు, తువ్వాల. తండ్రి లచ్చయ్య ఉన్నప్పుడూ ఇంతే. కొండగట్టు అంజన్న గుడికైనా, ధర్మపురి గోదావరికైనా అందరికంటే ముందు ఆమె ఎక్కి కూర్చునేది. ఆయనకు ఈ జీపంటే ప్రాణం. ఊరి పొలాల బురదలోకి దింపి, ఫోర్ వీల్ గేరు లాగి, పిల్లలతో కేకలు పెట్టించేవాడు. ఆయన పోయి ఏడేళ్లు. స్టీరింగ్ ఇప్పుడు రంజిత్‌ది. ఇంటి పెద్దరికమూ అతనిదే.

డీజిల్ పైపులో గాలి చేరింది. ఫిల్టర్ మీది బోల్టు వదులు చేసి, బుడగలు ఆగేదాకా చేతి పంపు కొట్టి, మళ్లీ బిగించాడు. పైపు మూతి దగ్గర వాషర్ పగిలిందని అతనికి నిన్ననే తెలుసు. కోరుట్ల బజారులో పది నిమిషాల పని. మార్చలేదు. ఎందుకు మార్చలేదో తనను తాను అడగలేదు కూడా.

జీపు కోరుట్ల దాటింది. రంజిత్‌కు సీటులో ముల్లున్నట్టుంది. అద్దం సర్దుతాడు, కిటికీ తెర పక్కకు నెడతాడు, మళ్లీ లాగుతాడు. సత్తయ్య మామ నిన్న ఫోనులో అన్న మాట చెవిలోంచి పోవడం లేదు. "మనోడు కాదు, మన ఊరోడు కాదు. రేపటి సంది నలుగుట్ల తలెట్ల ఎత్తుకుంటవ్‌రా?" చుట్టాలు ఒక్కరూ రావడం లేదు.

"అంతా నువ్వే చేసినవ్," అన్నాడు పక్క సీట్లోని చెల్లెలితో.

"అవ్, నేనే చేసిన. గందుల తప్పేంది?"

ప్రకాశ్ మంచివాడే. సిరిసిల్లలో కళ్యాణి కొలువు చేసే చోట మరమగ్గాలు బాగుచేస్తాడు. దసరాకు ఆమె వెంట ఇంటికొచ్చి, ఆగిపోయిన నీళ్ల మోటారు విప్పి నడిపించి, అన్నం తిని వెళ్లాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఏదో ఒకటి చెడిపోతూనే ఉంది. మిక్సీ, గ్రైండరు, ఇస్త్రీ పెట్టె. ప్రకాశ్ వస్తూనే ఉన్నాడు. ఇంట్లో నేనుండగా పరాయివాడు పానా పట్టడమేమిటని రంజిత్‌కు లోపల ఉక్రోషం.

జగిత్యాల దాటి నాలుగు కిలోమీటర్లు పోయాక ఇంజను మళ్లీ దగ్గింది. జీపు రోడ్డు దిగి, వానకు నానిన మట్టిలో ఆగిపోయింది. తొమ్మిదీ ఇరవై.

రంజిత్ పంపు కొట్టాడు. బుడగలు. మళ్లీ కొట్టాడు. బుడగలే. కళ్యాణి కళ్లలో నీళ్లు తిరిగాయి.

భూదేవి దిగి వచ్చి కొడుకు పక్కన నిలబడింది.

"నీకు మనసొప్పకుంటె వద్దు కొడుకా. గిక్కడికెళ్లే ఇంటికి మళ్లుదాం. నేనేమనుకోను."

ఆ గొంతులో కోపం లేదు. కనీసం నిష్ఠూరమైనా ఉంటే అతనికి సులువయ్యేది.

"నాయిన పోయినంక మనింట్ల నవ్వు ఇనవడ్డదా అన్నా? గీ ఆర్నెల్ల సందే గదా," అంది కళ్యాణి.

రంజిత్ చేతిలోని పానా ఆగింది. నిజమే. ఆ మిక్సీ విప్పిన రోజు వంటింట్లోంచి నవ్వు వినిపిస్తే, ఎవరో చుట్టాలొచ్చారనుకున్నాడు.

"వాషర్ పల్గింది," అన్నాడు తలెత్తకుండా. "నిన్ననే ఎర్క నాకు. కావాల్నే మార్చలే."

రోడ్డు మీద ఒక లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది. రంజిత్ చెయ్యి చాపాడు.

"ఆయనకు ఫోన్ కలిపి నాకియ్యి."

ఎందుకు ఆలస్యమైందని ప్రకాశ్ అడగలేదు. "ఫోను ఇంజను కాడ వెట్టి పంపు కొట్టుండ్రి రంజిత్ గారూ," అన్నాడు. కాసేపు విన్నాడు. "గాలి జాయింటు కాడికెళ్లి గుంజుతున్నది. సబ్బుంటె తడిపి మెత్తగ చేసి రుద్దుండ్రి. మీదికెళ్లి గుడ్డ గట్టిగ చుట్టుండ్రి. కొండ దాంక ఆగుతది. తర్వాత ఇద్దరం కలిసి కొత్త వాషర్ ఏద్దాం."

'ఇద్దరం' అన్న మాటకు రంజిత్ ఇంజను మీంచి తలెత్తాడు.

"సరే," అన్నాడు.

సంచిలోంచి సబ్బు వచ్చింది. తువ్వాల అంచు చిరిగింది. పంపు కొడితే బుడగలు తగ్గి, తగ్గి, ఆగిపోయాయి. ఇంజను అందుకుంది. చక్రాలు మట్టిలో గిర్రున తిరిగితే ఫోర్ వీల్ గేరు లాగాడు. జీపు ఒక్క ఊపుతో రోడ్డెక్కింది. వెనక సీట్లో భూదేవి "ఓయమ్మో!" అని నవ్వింది.

కొండ మీదికి చేరేసరికి పదీ ఇరవై. మండపంలో ప్రకాశ్ కొత్త పంచెలో, నుదుటి చెమట తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. పంతులు అతనికంటే ఎక్కువ కంగారు పడుతున్నాడు.

"పెండ్లిపిల్ల తరఫు పెద్ద ఎవరయ్యా? పిల్లను జల్ది పీటల కాడికి తీస్కరాండ్రి."

"నేనే," అంటూ రంజిత్ చెల్లెల్ని దాటి వెళ్లి, తల్లి చెయ్యి పట్టుకుని ప్రకాశ్ పక్కనున్న పీట దగ్గరికి నడిపించాడు.