అమ్మ చీర మీద హైకూ

భీమవరంలో హైకూల గుంపు మొదలుపెట్టిన కనకవల్లి గారు పోయి నెలయింది. ఆ ఆదివారం సభ్యులంతా ఆవిడ మీద రాద్దామనుకున్నారు. కూతురు సువర్చల, గుంపును నడిపే శేషగిరి మాష్టారింట్లో కూర్చుని కాగితం మీద రాసింది:

అమ్మ చీర ఉతికాను
నీళ్ళతో పాటు
ఆమె వాసనా పోయింది

ఫోనులో గుంపుకు పంపబోగానే ‘ఇది మనిషి రాసింది కాదు’ అని వచ్చింది. ఫోనులో పంపే ప్రతి కవితకూ, మనిషి రాసిందా యంత్రం రాసిందా అన్న ఆ తనిఖీ తప్పనిసరై మూడేళ్ళయింది. అది కాదంటే కవిత ఎవరికీ చేరదు.

“మీ ఎదురుగానే రాశాను కదండీ మాష్టారూ.”

“చూశానమ్మా. నా మాట అది వినదు. ఎక్కడో ఒక మాట చెడగొట్టు, ఒప్పుకుంటుంది. నేనూ అదే చేస్తున్నాను.”

సువర్చల చాలాసేపు ఆలోచించి, ‘వాసన’ తీసేసి ‘మురికి’ అని పెట్టింది. హైకూ వెంటనే వెళ్ళిపోయింది. నలభై మంది చప్పట్ల బొమ్మలు పంపారు. “అచ్చం మనిషి రాసినట్టుంది” అని ఒకరు మెచ్చుకున్నారు.

ఇంతలో గుంపులోనే ఉన్న అక్క ఫోను చేసింది.

“అమ్మ చీరలో నీకు మురికి కనబడిందటే?”

జవాబు చెప్పేలోపే పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. సువర్చల ‘వాసన’ అనే రాసి ఉన్న ఆ కాగితాన్నే ఫొటో తీసి అక్కకొక్కదానికే పంపబోయింది. తనిఖీ దాన్నీ చదివి ఆపేసింది.