ఆడని మ్యాచ్

పోలయ్యకు టెన్నిస్ సంఘం కార్యదర్శి వీరభద్రం మీద ఒళ్ళుమంట. ఎవరు గెలుస్తారో పోటీకి ముందే చెప్పే యంత్రాన్ని గుంటూరుకు తెచ్చింది అతనే. అది ఒక్కసారీ తప్పలేదు గనక ఇప్పుడు ఎవరూ ఆడటం లేదు. ఆటగాళ్ళు వచ్చి, ఫలితం విని, ఉప్మా తిని వెళ్ళిపోతారు. కోర్టులో మిరపకాయలు ఆరబోస్తున్నారు.

జాతీయ టోర్నీ నాడు పోలయ్య వెంట అతని కూతురు భువన రాకెట్ పట్టుకుని వచ్చింది.

“మొదటి రౌండ్లోనే ఓడిపోయావమ్మాయ్. ఆరు రెండు, ఆరు మూడు. ఉప్మా చల్లారిపోద్ది, రా,” అన్నాడు వీరభద్రం.

“ఒక్క గేమన్నా ఆడనియ్యండి బాబాయ్. చిన్నప్పట్నించీ నేర్చుకున్నా.”

“ఓడిపోతావని తెలిసాక ఆట దేనికే? ఈ కాయలన్నీ ఎవరెత్తుతారు, మీ నాయనా?”

పోలయ్య వంగి కాయలు ఎత్తసాగాడు. చేతులు మండుతున్నా అతనికి ఏమీ అనిపించలేదు. సగం కోర్టు ఖాళీ అయ్యేసరికి, భువనతో ఆడాల్సిన పిల్ల తన గెలుపు రాయించుకుని బస్సెక్కేసింది.

భువన ఖాళీ సగంలో నిలబడి సర్వ్ చేసింది. బంతి అవతల మిరపకాయల్లో పడి ఆగిపోయింది.

ఆ సర్వ్ నేర్పించడానికి పోలయ్య అమ్మింది ఎకరా ముప్పై ఏడు సెంట్ల మాగాణి.